రేంజ్ ఎక్స్‌టెండర్ ఉన్న పాత ఎలక్ట్రిక్ కారు కొనే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. మావారికి ఆఫీసు రానూపోనూ 60 మైళ్లు. ఒక డీలరు దగ్గర 2017 మోడల్ బీఎండబ్ల్యూ ఐ3, రేంజ్ ఎక్స్‌టెండర్ (దూరం పెంచే చిన్న పెట్రోలు ఇంజను) ఉన్నది, చూసి వచ్చాం. బ్యాటరీ అయిపోయినా చిన్న ఇంజను ఆదుకుంటుంది కాబట్టి దూర ప్రయాణాలకు కూడా బెంగ అక్కర్లేదని డీలరు అంటున్నారు. మాకు ఇద్దరు పిల్లలు, వేసవిలో అత్తయ్యగారు, మామయ్యగారు వస్తారు, ఏటా ఒకసారి పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తాం. కారు ఇంటికి రాకముందే ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: ఆఫీసు ప్రయాణానికి ఈ కారు చక్కగా సరిపోతుంది. పిట్స్‌బర్గ్ యాత్రకు మాత్రం మరో కారునే తీసుకెళ్లండి. డీలరు చెప్పినది అబద్ధం కాదు గానీ, అందులో సగమే నిజం.

ఈ కారులోని 647 సీసీ, రెండు సిలిండర్ల ఇంజను చక్రాలను తిప్పదు, జనరేటర్‌ను తిప్పుతుంది. బీఎండబ్ల్యూ స్కూటర్ కోసం తైవాన్‌కు చెందిన కిమ్‌కో సంస్థ తయారుచేసిన ఇంజనునే కొంత మార్చి ఇందులో పెట్టారు. చక్రాలను తిప్పే మోటారు సామర్థ్యం 125 కిలోవాట్లు కాగా ఈ జనరేటర్ ఇవ్వగలిగేది సుమారు 25 కిలోవాట్లు మాత్రమే. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఫ్యాన్లు తిప్పుతుంది గానీ ఏసీని నడపలేదు కదా, ఇదీ అంతే. చదును రోడ్డు మీద హైవే వేగాన్ని అది ఎలాగో నిలబెట్టగలదు. పొడవైన ఎత్తు ఎక్కాల్సి వచ్చినప్పుడు తక్కువపడిన శక్తిని బ్యాటరీ నుంచి తీసుకోవాలి, కానీ అమెరికాలో అమ్మిన కార్లలో బ్యాటరీ ఆరు శాతం దగ్గరకు పడిపోయాక గానీ ఇంజను మొదలుకాదు. అంటే ఆదుకోవాల్సిన సమయానికి బ్యాటరీలో నిల్వ దాదాపు ఉండదు. యూరప్ కార్లలో 75 శాతం కంటే తగ్గగానే డ్రైవరే ఇంజనును ఆన్ చేసుకుని ఛార్జిని కాపాడుకునే వీలు ఉంది. కాలిఫోర్నియా కాలుష్య నిబంధనలకు లోబడేందుకు ఆ సదుపాయాన్ని అమెరికా కార్లలో తీసేశారు. కొందరు సాఫ్ట్‌వేర్ మార్చి దాన్ని తిరిగి తెచ్చుకుంటున్నారు గానీ, కొత్తగా కొనేవారికి ఆ పని నేను సూచించను.

ఇప్పుడు మీ దారి చూడండి. ఎడిసన్ నుంచి పిట్స్‌బర్గ్ సుమారు 340 మైళ్లు. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ అలిఘెనీ కొండల మీదుగా పోతుంది. మీ మోడల్‌కు ప్రభుత్వం ఇచ్చిన లెక్క ప్రకారం బ్యాటరీ మీద 97 మైళ్లు, గ్యాస్‌తో (పెట్రోలుతో) కలిపి 180 మైళ్లు. గ్యాస్ ట్యాంకు 2.4 గ్యాలన్లే కాబట్టి దాదాపు ప్రతి 80 మైళ్లకూ ఆగక తప్పదు. అయినా అసలు చిక్కు ఆగడంలో లేదు, ఎత్తు ఎక్కుతుండగా వెనుక ట్రక్కులు తరుముకొస్తుంటే కారు వేగం తగ్గిపోవడంలో ఉంది.

ఆఫీసు దారి సంగతికి వస్తే, ఆ 97 మైళ్లను పూర్తిగా నమ్ముకోకండి. రేంజ్ ఎక్స్‌టెండర్ ఉన్న ఐ3లో హీట్ పంప్ (తక్కువ కరెంటుతో వేడినిచ్చే ఏర్పాటు) లేదు, క్యాబిన్ వేడి కోసం హీటర్ నేరుగా బ్యాటరీనే తింటుంది. జనవరి చలిలో, హైవే వేగంతో, 60 లేదా 65 మైళ్లే వస్తాయని లెక్క వేసుకోండి. అప్పుడు మీవారు ఇల్లు చేరేసరికి బ్యాటరీ అడుగంటి ఉంటుంది. ఆ చివరి అయిదారు మైళ్లకే ఈ ఇంజను ఉన్నది, ఆ పనిని అది భేషుగ్గా చేస్తుంది.

కారు కంటే ముందు గ్యారేజీలో 240 వోల్టుల లైను సిద్ధం చేసుకోండి. కారులోని ఛార్జరు గరిష్ఠంగా 7.4 కిలోవాట్లు తీసుకుంటుంది. అందుకు 32 ఆంపియర్ల ఛార్జింగ్ యూనిట్, దానికి 40 ఆంపియర్ల బ్రేకరు కావాలి, ఎందుకంటే గంటల తరబడి సాగే లోడు బ్రేకరు సామర్థ్యంలో 80 శాతం మించకూడదని విద్యుత్ నియమావళి చెబుతోంది. మామూలు 120 వోల్టుల ప్లగ్గుతో ఖాళీ బ్యాటరీ నిండటానికి దాదాపు ఒక రోజంతా పడుతుంది. సాయంత్రం ఏడింటికి ఇంటికి వచ్చి ఉదయం ఏడింటికి బయలుదేరే మనిషికి అది చాలదు. పర్మిట్, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ లేకుండా ఈ పని చేయించవద్దు. అద్దె ఇంట్లో ఉన్నా, టౌన్‌హౌస్ అసోసియేషన్ అనుమతి అవసరమైనా, ఆ కాగితం చేతికి వచ్చాకే కారుకు బయానా ఇవ్వండి.

టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లే ముందు రోజే డీలరుకు ఫోన్ చేసి, బ్యాటరీని పది శాతం దరిదాపుల్లో ఉంచమని అడగండి. వారు సాధారణంగా నిండా ఛార్జి చేసి చూపిస్తారు, దాంతో ఇంజను మోగనే మోగదు, కొనే మనిషి దాని శబ్దం కూడా వినకుండా సంతకం చేసి వస్తాడు. ఇంజను ఆన్ అయ్యాక కనీసం ఇరవై నిమిషాలు నడిపి, హెచ్చరిక దీపాలేమైనా వెలుగుతాయేమో గమనించండి.

బ్యాటరీ ఆరోగ్యం తెలుసుకోవడానికి డాష్‌బోర్డులోనే దాగి ఉన్న ఒక మెనూ ఉంది. ట్రిప్ మీటర్ బటన్‌ను సుమారు పది సెకన్లు నొక్కి పట్టుకుంటే అది తెరుచుకుంటుంది. అందులో బ్యాటరీ గరిష్ఠ సామర్థ్యం కిలోవాట్ గంటల్లో కనిపిస్తుంది. మీ మోడల్ బ్యాటరీ మొత్తం 33 కిలోవాట్ గంటలైనా, కొత్తగా ఉన్నప్పుడు వాడుకోగలిగింది 27 చిల్లరే. 25 పైన కనిపిస్తే నిశ్చింతగా ఉండవచ్చు, 22కు దిగితే బేరమాడాలి. ఈ అంకె చలిని బట్టి, వాడకాన్ని బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది కాబట్టి రెండు వేర్వేరు రోజుల్లో చూడటం మంచిది. బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా లక్ష మైళ్లు, 2017 కారుకు ఆ గడువు ముగిసి ఉండవచ్చు. రేంజ్ ఎక్స్‌టెండర్ కార్లకు కాలిఫోర్నియా నిబంధనలు పాటించే రాష్ట్రాల్లో వేరే వారంటీ ఏమైనా మిగిలి ఉందేమో ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ సర్వీసులో రాతపూర్వకంగా అడగండి. అదే నంబరుతో ప్రభుత్వ రీకాల్ వెబ్‌సైట్‌లో కూడా వెతకండి. గ్యాస్ ట్యాంకు ఆవిరి గొట్టం పక్కనున్న కేబుల్‌కు రాసుకుని అరిగే ప్రమాదం ఉందని 2017లో ఈ కార్లకే ఒక రీకాల్ వచ్చింది. ఆ పని జరిగినట్టు రికార్డు ఉండాలి.

నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఏసీ కంప్రెసర్. ఈ కారులో క్యాబిన్‌ను చల్లబరిచే ఏసీ గ్యాసే (రిఫ్రిజరెంట్) బ్యాటరీని కూడా చల్లబరుస్తుంది. కంప్రెసర్ లోపల అరిగి విరిగితే ఆ లోహపు పొడి గొట్టాల వెంట బ్యాటరీ అడుగు వరకూ పోతుంది, అప్పుడు బ్యాటరీని దింపి శుభ్రం చేయాలి, ఆ ఖర్చు పాత కారు ధరలో పెద్ద వాటాను మింగేస్తుంది. అందుచేత ఏసీని పూర్తి చలిలో పెట్టి కనీసం పావుగంట వినండి. గరగర శబ్దం వచ్చిందంటే ధర ఎంత తగ్గించినా ఆ కారు వద్దు.

టైర్లు ముందు 155, వెనుక 175 వెడల్పువి, 19 అంగుళాలవి. ఇంత సన్నటి టైరు వీధి చివరి షాపులో దొరకదు, స్టెప్నీ కూడా ఉండదు, కాబట్టి అరుగుదల చూసి ముందే ఆర్డరు పెట్టుకోండి.

చివరిగా కుటుంబం సంగతి. ఈ కారులో నాలుగే సీట్లు. వెనుక తలుపులు ఎదురు దిశలో తెరుచుకుంటాయి, అదీ ముందు తలుపు తీశాకే. బ్రిడ్జ్‌వాటర్ గుడి పార్కింగ్‌లో రెండు వ్యాన్ల మధ్య ఆపి, ముందు తలుపు, వెనుక తలుపు రెండూ తీసి, మామయ్యగారిని ఆ సందులోంచి దింపడం ఎలా ఉంటుందో ఒకసారి డీలరు ఆవరణలోనే ప్రయత్నించి చూడండి. వెనుక అద్దాలు కిందికి దిగవని పిల్లలకు కూడా ముందే చెప్పండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఇలాంటి కారే కొన్నాను. రోజూ ఇంట్లోనే ఛార్జి చేస్తున్నందువల్ల ఇంజను ఎప్పుడూ నడవడం లేదు. ట్యాంకులోని గ్యాస్ పాడవుతుందా?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: ట్యాంకు ఒత్తిడితో మూసి ఉండేది కాబట్టి మామూలు కారులో కంటే గ్యాస్ ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇంజను చాలాకాలం ఊరికే ఉంటే, సుమారు రెండు నెలలకు ఒకసారి, ప్రయాణంలో ఉండగా కారే దాన్ని కొన్ని నిమిషాలు నడుపుతుంది. అది లోపమనుకుని కంగారు పడకండి, ట్యాంకును పూర్తిగా ఎండనివ్వకండి. అయినా మూడు నాలుగు నెలలకోసారి మీరే బ్యాటరీ ఛార్జిని తగ్గనిచ్చి, ఇంజను బాగా వేడెక్కేదాకా హైవే మీద నడపడం మంచిదని నా అభిప్రాయం. ప్రీమియం గ్యాసే పోయించండి. ఇంజను నడిచిన మైళ్లు తక్కువైనా ఆయిల్‌ను తేదీ ప్రకారం మార్చాల్సిందే. గ్యాస్ పోసే ముందు లోపలి బటన్ నొక్కి, ఒత్తిడి తగ్గిందని తెర మీద కనిపించేదాకా ఆగాలి. న్యూజెర్సీలో గ్యాస్ మనం పోసుకోకూడదు కదా, అక్కడి పాఠకులు బంకు మనిషి మూత మీద చేయి వేయకముందే ఈ మాట చెప్పాలి.

ప్రశ్న: రెండేళ్లలో హైదరాబాద్ తిరిగి వెళ్లిపోతున్నాం. మా ఐ3ని వెంట తీసుకెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, శాన్ హోసే

జవాబు: కుదరదు. స్టీరింగ్ ఎడమవైపున్న పాత కారును భారతదేశంలోకి దిగుమతి చేసుకోవడానికి అనుమతి లేదు, మూడేళ్లు దాటిన కారుకూ లేదు. పైగా ఈ మోడల్‌ను అక్కడ కంపెనీ అధికారికంగా అమ్మలేదు కాబట్టి, ఒకవేళ చేరినా విడిభాగాలు దొరకవు. అమెరికాలోనే అమ్మండి. పాత ఎలక్ట్రిక్ కారు కొన్నవారికి దొరికే 4,000 డాలర్ల వరకు కేంద్ర పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది కాబట్టి కొనేవారు ఇప్పుడు ధర గట్టిగా అడుగుతారు. బ్యాటరీ సామర్థ్యం అంకెను ఆరు నెలలకోసారి ఫోటో తీసి, సర్వీసు రసీదులతో పాటు ఒక ఫైలులో పెట్టుకుంటే ఆ బేరంలో మీ మాటకు బలం ఉంటుంది.