అమ్మాయి యూనియన్ ఎన్నికల్లో నిలబడతానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ మొదటి ఏడాది చదువుతోంది. హాస్టల్లో ఉంటుంది. స్టూడెంట్స్ యూనియన్ ఎన్నికల్లో జాయింట్ సెక్రటరీగా నిలబడతానంటోంది. రేపు ఏదైనా కేసు పడితే గ్రూప్స్‌కి పనికిరాదేమోనని మా భయం. ఉస్మానియాలో చదివిన మావారైతే వారం నుంచి దానితో ఫోన్‌లో మాట్లాడట్లేదు. మా మరిది కొడుకు ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో స్టూడెంట్ కౌన్సిల్ ప్రెసిడెంట్. అది అమెరికాలో ఎంఎస్‌కి బాగా పనికొస్తుందంటున్నారు. రెండింటిలో ఏది మేలు?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, కాలేజీలు తెరిచిన రెండు నెలలకు ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. కెరీర్ అని రాస్తారు గానీ లోపల ఉన్నది పోలీస్ స్టేషన్ భయం. 2025లో మీ అమ్మాయి యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల భూమి గొడవప్పుడు పోలీసులు విద్యార్థులను తీసుకెళ్లడం టీవీలో మీరూ చూసే ఉంటారు. అందుకే ముందు ఆ సంగతి మాట్లాడుకుందాం.

నామినేషన్ వేసినంత మాత్రాన ఎవరి మీదా కేసు పెట్టరు. ధర్నాల్లో, తోపులాటల్లో పెడితే పెడతారు. అప్పుడు ఏ పదవీ లేని పిల్లల పేర్లూ అందులో ఉంటాయి. ప్రభుత్వ ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారంలో అరెస్టయ్యారా, కేసులున్నాయా అని అడుగుతారు. చాలామంది అక్కడ దాచి దెబ్బతింటారు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చిన్న వయసులో నినాదాలు చేయడంలాంటి స్వల్ప విషయాన్ని అభ్యర్థి చెప్పకపోయినా నియామక సంస్థ తన విచక్షణతో మన్నించవచ్చని చెప్పింది. కొట్లాటలు, దాడుల సంగతి వేరు. ఆ గీత ఎక్కడుందో మీ అమ్మాయికి చెప్పండి. చెప్పాలంటే ముందు మాట్లాడాలి కదా?

మీవారి కోపం నాకు అర్థమైంది. ఉమ్మడి రాష్ట్రంలో ఎనభైల చివర్లో విద్యార్థి సంఘ ఎన్నికలు ఆపేశారు. ఆ తర్వాత ఉస్మానియాలో చదివినవాళ్లు బంద్‌లు, లాఠీచార్జీలు చూశారు గానీ బ్యాలెట్ పెట్టె చూడలేదు. సెంట్రల్ యూనివర్సిటీలో ఎన్నికలకు లింగ్డో కమిటీ నిబంధనలున్నాయి. విద్యార్థి సంఘ ఎన్నికలు ఎలా జరపాలో చెప్పడానికి వేసిన కమిటీ అది. సుప్రీంకోర్టు ఆ నిబంధనలను 2006లో అమల్లోకి తెచ్చింది. 75 శాతం హాజరు ఉండాలి, బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు, ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అంటే మీరు రోజూ పోరే చదువూ హాజరూ ఉంటేనే నిలబడనిస్తారు. ఇరవై రెండేళ్ల పిల్ల ఇంటికి ఫోన్ చేసి అడిగింది. అడగకుండా నామినేషన్ వేసే పిల్లలు బోలెడుమంది. అడిగినందుకు తండ్రి మౌనం పాటిస్తే, వచ్చేసారి అడగడమే మానేస్తుంది. ఇది కాస్త గట్టిగానే అంటున్నాను, ఏమనుకోకండి.

ఇక మీ మరిదిగారి అబ్బాయి. చాలా ప్రైవేట్ క్యాంపస్‌లలో కౌన్సిల్‌ని లెక్చరర్లే ఇంటర్వ్యూ చేసి ఎంపిక చేస్తారు. ఫెస్ట్‌కి స్పాన్సర్లను పట్టడం, టీషర్టులు కొట్టించడం, చీఫ్ గెస్ట్ కారు దగ్గరికి బొకేతో పరిగెత్తడం – పనంతా ఇదే. ఇది తక్కువ పనేమీ కాదు, డబ్బు లెక్క తెలుస్తుంది. కానీ ఈమధ్య ‘లీడర్‌షిప్ ప్రొఫైల్’ అంటూ దీన్నొక సరుకులా అమ్ముతున్నారు. నాకు దాని మీద నమ్మకం లేదు. ఎంఎస్ అడ్మిషన్‌లో ముందు చూసేది మార్కులు, ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే వ్యాసం), ప్రొఫెసర్లు ఇచ్చే సిఫార్సు లేఖలు. ఆ పదవి అక్కడ ఒక లైను, అంతే. మాక్ ఇంటర్వ్యూలో అలాంటి ఒక కౌన్సిల్ ప్రెసిడెంట్‌ని ‘ఫెస్ట్‌లో మిగిలిన డబ్బు ఏం చేశారు?’ అని అడిగాను. ‘ఫ్యాకల్టీ సర్ చూసుకున్నారు’ అన్నాడు. ఇంకేం అడుగుతాం?

అదే వారం ఒక డిగ్రీ కాలేజీ సీఆర్ (క్లాస్ ప్రతినిధి) మాక్ ఇంటర్వ్యూకి వచ్చింది. తన క్లాసులో స్కాలర్‌షిప్ రానివాళ్ల కోసం ఒక నోట్‌బుక్ పెట్టింది. పేరు, ఈపాస్ (స్కాలర్‌షిప్ వెబ్‌సైట్) అప్లికేషన్ నంబర్, మీసేవలో వేలిముద్ర పడిందా లేదా, హార్డ్‌కాపీ కాలేజీలో ఇచ్చిన తేదీ, ఇప్పుడు ఫైలు ఎవరి టేబుల్ మీద ఉంది – ఇలా గళ్లు గీసుకుంది. కొన్ని వరుసలను ఎర్ర పెన్నుతో కొట్టేసింది. అవి డబ్బు పడ్డవి. ఆ నోట్‌బుక్ గురించి ఆ పిల్ల ఎంతసేపైనా మాట్లాడగలదు. ఏ ఇంటర్వ్యూ బోర్డు ముందైనా మాట్లాడగలదు.

కాబట్టి పోలిక అడిగారు గానీ, నేను తూకం వేసేది పదవుల పేర్లను కాదు. మీ అమ్మాయి ఏం పని చేయాలనుకుంటోందో అడగండి. మెస్సా, లైబ్రరీ వేళలా, ఫెలోషిప్ ఆలస్యమా? జవాబు చెబితే నిలబడనివ్వండి. ‘ఫ్రెండ్స్ నిలబడమన్నారు’ అంటే మాత్రం ఈ ఏడాది ఆగమనండి. ఎందుకంటే లింగ్డో నిబంధనల్లో జాయింట్ సెక్రటరీలాంటి ఆఫీస్ బేరర్ పదవికి పోటీ చేసే అవకాశం ఒక్కసారే. ఓడినా అది అయిపోయినట్టే. క్లాస్ ప్రతినిధిగా, యాంటీ ర్యాగింగ్ కమిటీ సభ్యురాలిగా ఒక ఏడాది తిరిగాక రెండో ఏడాది దిగినా నష్టం లేదు.

దిగితే మాత్రం ఖర్చుల లెక్క మొదటి రోజు నుంచే రాయమనండి. ఫలితాలు వచ్చిన రెండు వారాల్లో చూపించాలి. ఏ పార్టీ డబ్బూ ముట్టకూడదు. విద్యార్థులు ఇష్టపడి ఇచ్చే చందాలతోనే ప్రచారం చేయాలి. మీరూ జాలిపడి ఫోన్‌పే చేయకండి.