వి టూ ఒంటరిగా, వి త్రీ తోడుతో

చి. లావణ్యకు పెదనాన్న ఆశీస్సులు.

ఇర్రెగ్యులర్ వెర్బ్స్ (గతం చెప్పడానికి చివర ‘ఎడ్’ చేర్చని ఇంగ్లీషు క్రియలు) పట్టిక మొత్తం నోటికి వచ్చినా, మాట్లాడేటప్పుడు తప్పులు పోతున్నాయని రాశావు. ‘గో, వెంట్, గాన్’ అని అప్పజెప్పడం వల్ల రూపాలు వస్తాయి గానీ, ఏది ఎక్కడ వాడాలో రాదు. ఆ మూడింటిలో మొదటి రూపం వి వన్, రెండోది వి టూ, మూడోది వి త్రీ. ముందు వాటి పని చూడు.

వి టూ వాక్యంలో ఒంటరిగా నిలబడుతుంది: ఐ వెంట్, షీ రోట్. వి త్రీ వాక్యానికి క్రియ కావాలంటే ముందు తోడు ఉండాలి. ఆ తోడు హ్యావ్, హ్యాజ్, హ్యాడ్‌లలో ఒకటి. పాసివ్ అయితే, అంటే చేసినవాళ్ళను కాక పని దేనికి జరిగిందో దాన్ని ముందు పెట్టి చెబితే, ఈజ్, వాజ్ లాంటివి. షీ హ్యాజ్ గాన్, ద లెటర్ వాజ్ రిటెన్. ‘ఐ సీన్’లో తోడు లేదు, ‘ఐ హ్యావ్ వెంట్’లో తోడు ఉంది గానీ వి త్రీ లేదు. రెండూ తప్పే.

మనవాళ్ళ నోట ఎక్కువగా వినపడే తప్పు ‘ఐ డిడ్ నాట్ వెంట్’. జరిగిపోయిన కాలాన్ని డిడ్ అప్పటికే చెప్పేసింది, రెండోసారి చెప్పక్కర్లేదు. డిడ్ తర్వాత ఎప్పుడూ వి వన్: ఐ డిడ్ నాట్ గో, డిడ్ యూ ఈట్. విల్, క్యాన్, షుడ్ తర్వాత కూడా అంతే. ‘షుడ్ హ్యావ్’ అన్నావంటే మాత్రం హ్యావ్ వచ్చింది కాబట్టి వి త్రీ: షుడ్ హ్యావ్ గాన్.

ఇక అసలు చిక్కు. తెలుగులో ‘ఆ సినిమా చూశాను’ అంటే సరిపోతుంది. ఇంగ్లీషులో అది ఎప్పుడు జరిగిందో చెబుతున్నావా లేదా అన్నది చూడాలి. నిన్న, పోయిన వారం, 2019లో అని ముగిసిపోయిన సమయం చెబితే వి టూ: ఐ సా ఇట్ ఎస్టర్‌డే. ఎప్పుడన్నది చెప్పకుండా, చూసిన సంగతి మాత్రమే చెబితే ఐ హ్యావ్ సీన్ ఇట్. ‘ఐ హ్యావ్ సీన్ ఇట్ ఎస్టర్‌డే’ అనకూడదు. ముందు షుడ్ లాంటిది లేని హ్యావ్ పక్కన ఎస్టర్‌డే కనబడితే హ్యావ్ తీసేసి వి టూ పెట్టు.

రూపాలను అక్షర క్రమంలో కాక గుంపులుగా నేర్చుకో. కట్, పుట్, హిట్, కాస్ట్, షట్ మూడు చోట్లా మారవు. బ్రింగ్–బ్రాట్, టీచ్–టాట్, క్యాచ్–కాట్, కీప్–కెప్ట్, సెండ్–సెంట్ వంటి వాటికి వి టూ, వి త్రీ ఒకటే. తప్పు పోయే అవకాశం తక్కువ, వీటిని త్వరగా దాటేయి. కమ్–కేమ్–కమ్, రన్–ర్యాన్–రన్‌లలో వి త్రీ మళ్ళీ మొదటికే వస్తుంది. సమయమంతా మూడూ వేరుగా ఉండే వాటి మీద పెట్టు: డ్రింక్–డ్ర్యాంక్–డ్రంక్, బిగిన్–బిగ్యాన్–బిగన్, బ్రేక్–బ్రోక్–బ్రోకెన్, టేక్–టుక్–టేకెన్.

కొన్ని జంటలు తికమక పెడతాయి. ‘కొను’ అనే బైకి బాట్, ‘తెచ్చు’ అనే బ్రింగ్‌కి బ్రాట్. పడిపోవడం ఫాల్–ఫెల్–ఫాలెన్, అనిపించడం ఫీల్–ఫెల్ట్–ఫెల్ట్. ‘చదువు’ అనే రీడ్‌కి స్పెల్లింగ్ మారదు, పలుకు మాత్రం రీడ్–రెడ్–రెడ్. పడుకోవడం లై–లే–లెయిన్, దేన్నైనా పరచడం లే–లెయిడ్–లెయిడ్. ఈ రెంటినీ ఒకే రోజు నేర్చుకోకు. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య గెట్‌కి వి త్రీగా గాటెన్ అంటే దిద్దకు. అక్కడ అదే వాడుక, బ్రిటన్‌లో గాట్ అంటారు.

రోజుకు ఐదు క్రియలు చాలు. ఒక్కోదానికి నాలుగు వాక్యాలు సొంతంగా రాయి: ఎస్టర్‌డేతో ఒకటి, డిడ్ నాట్‌తో ఒకటి, హ్యావ్‌తో ఒకటి, డిడ్ యూ అని ఒక ప్రశ్న. రాశాక పైకి చదువు. మర్నాడు కొత్తవి మొదలుపెట్టే ముందు పాతవాటిని పుస్తకం మూసి చెప్పు. తడబడిన దాన్ని ఆ రోజు ఐదింటిలో మళ్ళీ చేర్చు. గో, సీ, ఈట్, టేక్, గివ్‌లతో మొదలుపెట్టి, ఆ ఇరవై వాక్యాలూ నాకు పంపు, దిద్ది పంపిస్తాను.

మీ పెదనాన్న