మొదటి రోజు ఖర్చు వేరు, నెలనెలా పెరిగే వడ్డీ వేరు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. చిన్న బట్టల కొట్టు. దసరా సరుకుకు లక్ష రూపాయలు కావాలి. సంక్రాంతి అమ్మకాలయ్యాక, అంటే అయిదు నెలలకు తీర్చేస్తాం. తెలిసిన షావుకారు ప్రోనోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు, వేరే ఖర్చేమీ లేదు. బంగారం మీద అప్పిచ్చే సంస్థ మాత్రం ఖర్చులన్నీ కలిపి కాగితం మీద రాసిచ్చింది: రెండు నెలలకు తీరిస్తే 1,05,000, అయిదు నెలలకు 1,08,000, ఎనిమిది నెలలకు 1,11,000. రెండు నెలలకే అయిదు వేలంటే నూటికి రెండున్నర పడుతోందని, షావుకారే నయమని మావారు అంటున్నారు. పాతపట్నంలో పదో తరగతి చదివే మా అమ్మాయి కాదంటోంది. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మాయి మాట వినండమ్మా. మీవారు ఆ అయిదు వేలనూ ఒకే రకం డబ్బు అనుకున్నారు. అందులో రెండు రకాలున్నాయి.

కాగితం మళ్లీ చూడండి. రెండో నెల నుంచి అయిదో నెలకు పెరిగింది 3,000. అయిదు నుంచి ఎనిమిదికీ అంతే. మూడు నెలలకు మూడు వేలు, అంటే నూటికి నెలకు ఒక్క రూపాయే. ఇప్పుడు వెనక్కి రండి. 1,05,000 లోంచి రెండు నెలల వడ్డీ 2,000 తీసేస్తే 1,03,000. అప్పు తీసుకున్న రోజునే మీ మీద పడేది అది. ఆ పై 3,000 ప్రాసెసింగ్ ఫీజు, బంగారం విలువ కట్టే చార్జీ లాంటివి. ఒక్కసారి పోతాయి, ఎన్నాళ్లు ఉంచినా పెరగవు. వాటిని రెండు నెలలకే పంచితే వడ్డీ భయంకరంగా కనిపిస్తుంది.

అమ్మాయితో గ్రాఫు గీయించండి. అడ్డంగా నెలలు, నిలువుగా తీర్చాల్సిన మొత్తం. షావుకారు గీత లక్ష దగ్గర మొదలై నెలకు 2,000 చొప్పున ఎక్కుతుంది. సంస్థ గీత 1,03,000 దగ్గర మొదలై నెలకు 1,000 చొప్పున ఎక్కుతుంది. మొదలయ్యే చోటును బడిలో వై-అంతరఖండం అంటారు, ఎక్కే జోరును వాలు అంటారు. మొదట్లో ఉన్న 3,000 తేడా నెలకు వెయ్యి చొప్పున తరిగి, మూడో నెలకు రెండూ 1,06,000 దగ్గర కలుస్తాయి. ఆ లోపు తీర్చేవాళ్లకు షావుకారు నయం. మీకు అయిదు నెలలు కావాలి కాబట్టి షావుకారుకు 1,10,000, సంస్థకు 1,08,000. సరుకు మిగిలిపోయి ఎనిమిది నెలలైతే తేడా అయిదు వేలకు చేరుతుంది. బట్టల వ్యాపారంలో సరుకు మిగలడం మామూలే కదా, అందుకే నాకు రెండో గీతే ఇష్టం.

అయితే షావుకారును బేరమాడి చూడండి. రూపాయిన్నరకు దిగితే అయిదు నెలలకు ఆయనకు ఇవ్వాల్సింది 1,07,500. అప్పుడు ఆయనే 500 నయం, గీతలు ఆరో నెలలో గానీ కలవవు. సంస్థ దగ్గరైతే వడ్డీ రేటు కంటే ఫీజు తగ్గించమని అడగడం తేలిక. అది సగమైతే నెలన్నరకే మీకు కలిసొస్తుంది.

నెల దాటి రెండు రోజులైతే పూర్తి నెల వడ్డీ వేస్తారా అని ఇద్దరినీ అడగండి. వేస్తే అది గీత కాదు, మెట్లు. గడువు దాటాక వడ్డీ మీద వడ్డీ వేస్తారా అనేది కూడా తేల్చుకోండి. వేస్తే ఈ లెక్క అక్కడితో ఆగిపోతుంది.

రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2024 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి అప్పులకు సంస్థ ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలి. ఫీజులన్నీ, వాటిని కలిపిన వార్షిక రేటూ అందులో ఉంటాయి. అది మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఒడియా చదవడం రాకపోతే తెలుగులో ఇమ్మని మొహమాటం లేకుండా అడగండి. అది చేతికొచ్చి, ఆ 3,000 లెక్క సరిపోయాకే గాజులు తీసి ఇవ్వండి.