రావి ఆకూ వెండి తీగా: మనవరాలికి ఒక ఉత్తరం

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన లాకెట్ ఫోటోను కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాను. కిందటిసారి ఇక్కడి నుంచి పుస్తకంలో పెట్టుకుని వెళ్ళిన రావి ఆకునే అచ్చులో కాల్చి, ఆ ఖాళీలోకి వెండి పోయించావని మీ అమ్మ చెప్పింది. ప్రతి ఈనె స్పష్టంగా పడింది, కాదనను. అయితే అది మెడలో ఆకులా ఊగదు, బిళ్ళలా కూర్చుంటుంది. పలుచటి ఆకైతే అచ్చు నిండదని వెనుక మైనం దళసరిగా పూసి ఉంటావు. మైనం నీటికంటే కొంచెం తేలిక, వెండి నీటికి పదిన్నర రెట్లు బరువు. కాబట్టి నువ్వు పూసిన 2 గ్రాముల మైనమే వెండిగా మారేసరికి 20 గ్రాములు దాటుతుంది.

పోత పని కొన్నాళ్ళు పక్కన పెట్టి, మన కరీంనగర్ పద్ధతిలో, అంటే సన్నటి వెండి తీగలను వంచి అతికే పనితో ప్రయత్నించు. ముందుగా మరో ఆకును మూడు నాలుగు వారాలు నీళ్ళలో నాననిచ్చి, మెత్తటి కుంచెతో పసరంతా తోసేస్తే జాలీ ఒక్కటే మిగులుతుంది. దాన్ని వెలుతురుకు ఎత్తి చూడు. నడిమి ఈనె తొడిమె దగ్గర లావుగా మొదలై కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది. పక్క ఈనెలు అంచుదాకా పోకుండా, కొంచెం ఇవతలే వంపు తిరిగి ఒకదానితో ఒకటి కలుస్తాయి. నువ్వు పట్టుకోవలసింది ఆ రెండు సంగతులనే. నడిమి ఈనెకు ఒకే లావు తీగ వేస్తే ఆకు కంచెలా కనిపిస్తుంది, అందుచేత దాన్ని ఆకురాయితో కొసవైపు సన్నం చెయ్యి. పక్క ఈనెలు ఆరేడు జతలు చాలు. మిగిలిన సన్నటి వలను లెక్కపెట్టి దించబోకు; రెండు సన్న తీగలను కలిపి పురిపెట్టి, చదును చేసి, చిన్న చుట్టలుగా ఆ ఖాళీల్లో నింపితే చూసేవారి కన్ను దాన్నే వలగా చదువుకుంటుంది.

తీగకు మేలిమి వెండి తీసుకో. 92.5 వెండిలో కలిసే రాగి వల్ల తీగ కమ్మచ్చులో, అంటే తీగను సన్నబరిచే బెజ్జాల పలకలో లాగేటప్పుడు త్వరగా బిరుసెక్కుతుంది, మంట తగిలితే నల్లబడుతుంది. మేలిమి అయినా మధ్యమధ్య కాచి మెత్తబరుచుకోవలసిందే. ఇక టంకంతో తీగలను అతికే దగ్గర తొందరపడకు. నేర్చుకునే రోజుల్లో నేను టంకం పారేందుకు వెలిగారం పూసి, టంకం పొడి చల్లి, మంటను నేరుగా నింపుడు తీగ మీదికి ఊదాను. నాలుగు రోజుల పని రెప్పపాటులో ముడుచుకుపోయి మిరియపు గింజంత ముద్దయింది. మంట ఎప్పుడూ ఆకు అంచుకు వేసిన లావు తీగ చట్రం చుట్టూ తిరగాలి, సన్న తీగ ఆ వేడిని చట్రం నుంచి అందుకోవాలి.

రావి ఆకు తోక అందంగానే ఉంటుంది కానీ చీరకు తట్టుకుని పోగులు లాగుతుంది. కొసన ఆవగింజంత గుండు అతుకు. గాలి లేనట్టున్నప్పుడు కూడా రావి ఆకు కదిలేది పొడవాటి తొడిమె వల్లనే కాబట్టి, కొంకిని ఆకుకు అతికించేయకుండా తొడిమె చివర వదులు కడియంలో వేలాడదియ్యి.

ఉన్నది ఉన్నట్టు దించడం మనవాళ్ళు ఏనాడూ పెట్టుకోలేదు. మామిడిపిందె హారంలో పిందె వంపు తప్ప మామిడిది మరేమీ ఉండదు, అయినా దాన్ని జీడిగింజ అని పొరబడినవారిని నేను చూడలేదు. న్యూజెర్సీ నుంచి నీకు దగ్గరే కదా, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి వెళ్ళి క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటి బంగారు చెవికమ్మలు చూడు. అవి ఆంధ్ర ప్రాంతానివై ఉంటాయంటారు. ఒక తీగ నుంచి రెండు మొగ్గలు చెరోవైపు సాగినట్టు చేశారు. ఏ మొక్క మొగ్గలో చెప్పలేం, మొగ్గలని మాత్రం చూడగానే తెలుస్తుంది.

గురివింద గింజలు గుచ్చి గొలుసు చేస్తానన్నావు. ఒకప్పుడు మేము బంగారం తూచింది వాటితోనే, కానీ వాటి పప్పు ప్రాణాంతకమైన విషం. బెజ్జం వేసేటప్పుడు రాలే పొడి ముక్కులోకి పోవచ్చు, పసిపిల్ల ఉన్న ఇంట్లో బెజ్జం పడిన గింజ అసలే ఉండకూడదు. ఆ ఎరుపు కావాలంటే పగడం వాడు, కింద నలుపుకు వెండినే నల్లబరచు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ లాకెట్ వెంట తీసుకురా. కరిగించి తీగ లాగుదాం. నా పాత కమ్మచ్చు పలకకు నూనె రాసి సిద్ధంగా ఉంచుతాను.

మీ తాతయ్య