క్రోమ్ బంపర్ ఎందుకు ఊడుతోంది?

ప్రశ్న: 1957 షెవర్లే బెల్ ఎయిర్ కారు ప్లాస్టిక్ మోడల్ కిట్ కడుతున్నా, 1/25 స్కేల్ (అసలు కారులో 25వ వంతు సైజు). బంపర్ ఎంత అతికించినా ఊడొస్తోంది. బాడీకి హార్డ్‌వేర్ షాపు స్ప్రే కొట్టొచ్చా సార్? - ఓ పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మంచి కారు పట్టారు, ఆ వెనక రెక్కల అందమే వేరు! కిట్ సిమెంట్ (మోడల్ అతికించే జిగురు) ప్లాస్టిక్‌ను కరిగించి కలుపుతుంది, కానీ బంపర్ మీదున్నది పల్చటి లోహపు పూత కాబట్టి దానికి పట్టు దొరకదు, అతికే చోట మాత్రం బ్లేడుతో గీకేసి అంటించండి. స్ప్రేతో జాగ్రత్త. లక్కర్ రకమైతే అందులోని థిన్నర్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది, అందుకే ముందు ప్రైమర్ (అడుగు పూత), అది బాగా ఆరాక రంగు, రెండూ పల్చటి కోట్లుగానే, అదీ కిట్‌లో భాగాలు విడదీశాక మిగిలిన ఫ్రేమ్ ముక్క మీద కొట్టి చూశాకే. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం అస్సలొద్దు, రంగు గాల్లోనే ఆరి గరుకుగా పడుతుంది. పొద్దున్నే కొట్టండి.