ల్యాప్‌టాప్ మూసినా నిద్ర రావడం లేదు.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. అమెరికా క్లయింట్ల కారణంగా మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలైన పని రాత్రి పదిన్నరకు గానీ పూర్తి కాదు. తొమ్మిదింటికి ఒక టీ తాగుతాను. పదకొండుకు భోంచేసి, ఫోన్ చూస్తూ మంచమెక్కితే రెండింటి దాకా నిద్ర పట్టదు. ఈమధ్య గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు మొదలయ్యాయి. పిల్లలను బడికి పంపాలి కనుక ఆరున్నరకే లేవక తప్పదు. పని ముగిశాక నా దినచర్య ఎలా ఉండాలి?

సమాధానం: మీరు చెప్పిన వేళలను బట్టి చూస్తే మీకు దక్కుతున్నది నాలుగున్నర గంటల నిద్రే. పెద్దవారికి కనీసం 7 గంటలు కావాలి. ఉద్యోగ వేళలు మార్చుకోమని చెప్పడం తేలికే గానీ అది మీ చేతిలో ఉండకపోవచ్చు. రాత్రి పదకొండున్నరకల్లా పడుకోగలిగితే ఈ ఉద్యోగంలోనే ఆ 7 గంటలూ దొరుకుతాయి కాబట్టి, దానికి ఏమేం మారాలో చెబుతాను.

అన్నిటికంటే ముందు మారాల్సింది భోజన వేళ. అన్నవాహిక, జీర్ణాశయం కలిసేచోట ఉండే కండరం ఆహారాన్నీ ఆమ్లాన్నీ పైకి రాకుండా అడ్డుకుంటుంది. కడుపు నిండుగా ఉన్నప్పుడు వెల్లకిలా పడుకుంటే ఆ కండరంపై ఒత్తిడి పెరిగి ఆమ్లం పైకి తంతుంది. మీకు మంట రావడానికీ, పట్టిన కాస్త నిద్రా చెదరడానికీ ఇదే కారణమై ఉండవచ్చు. భోజనానికీ పడకకూ మధ్య 3 గంటల వ్యవధి ఉండాలి కనుక, పని ముగిశాక కాకుండా పని మధ్యలోనే, ఎనిమిది గంటలకు భోజనం చేయండి. ఆ అరగంట ఎవరూ మీటింగ్ పెట్టకుండా క్యాలెండర్‌లో ముందే గుర్తు పెట్టుకోండి. రెండు పుల్కాలు, కూర, చివర కాస్త పెరుగన్నం సరిపోతాయి. వేపుళ్లు, ఆవకాయ వంటివి మధ్యాహ్నానికి మార్చుకోవడం మంచిది. పదిన్నరకు ఆకలి అనిపిస్తే ఒక అరటిపండు తినవచ్చు. మంట తగ్గేవరకు ఎడమవైపు తిరిగి పడుకోండి. తలగడల మీద తలగడలు పేర్చుకుంటే నడుము దగ్గర ఒంగి కడుపు ఇంకా నొక్కుకుంటుంది. దానికి బదులు మంచానికి తలవైపు కోళ్ల కింద ఆరంగుళాల ఎత్తు పెట్టించండి.

తొమ్మిది గంటల టీ మానేయాలి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. అంటే రాత్రి రెండింటికి కూడా ఆ టీలోని సగం కెఫీన్ మీతో మేలుకునే ఉంటుంది.

ఇక మనసు సంగతి. ఆఫీసుకు వెళ్లేవారికి ఇంటికి చేరే ప్రయాణమే పనికీ ఇంటికీ మధ్య ఒక గోడ. మీకు అది లేదు కాబట్టి మీరే కట్టుకోవాలి. పదీ ఇరవైకి ఒక కాగితం తీసుకుని, మర్నాడు చేయాల్సినవి 'టెస్టింగ్ బృందం మెయిల్‌కు జవాబు, ఒంటిగంటన్నరకు' అన్నంత వివరంగా రాయండి. అమెరికాలో 57 మంది యువతీయువకులపై జరిగి, 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, పడుకునే ముందు ఐదు నిమిషాల పాటు చేయాల్సిన పనులు రాసుకున్నవారు, అయిపోయిన పనులు రాసినవారి కంటే సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. రాసిన కాగితాన్ని ల్యాప్‌టాప్‌లో పెట్టి మూసి, దాన్ని బీరువాలో పెట్టేయండి. తర్వాత గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయండి. స్నానం తర్వాత శరీరం లోపలి వేడి నెమ్మదిగా తగ్గుతుంది, ఆ తగ్గుదలే నిద్రను పిలుస్తుంది.

ఫోన్ విషయంలో మిమ్మల్ని తప్పుపట్టను. మీలాంటి వేళల్లో పనిచేసేవారు 'నాకంటూ దొరికేది ఆ రెండు గంటలే కదా' అంటుంటారు, అందులో న్యాయం ఉంది. అయితే పిల్లలు బడికి వెళ్లాక ఒంటిగంట వరకు మీకు ఖాళీ సమయం ఉందేమో చూడండి. చూడాలనుకున్న సినిమా, స్నేహితులతో కబుర్లు, అరగంట నడక అప్పటికి మార్చుకోండి. ఉదయపు ఎండలో నడిస్తే శరీర గడియారం కూడా సర్దుకుంటుంది. రాత్రి ఫోన్‌ను హాల్లోనే ఛార్జింగ్‌కు పెట్టి, అలారం కోసం మామూలు గడియారం వాడండి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టలేకపోతే భోజనం, టీ ఈ వారమే మార్చండి, మిగతావి తర్వాత చూడవచ్చు. మింగడం కష్టమైనా, నల్లటి విరేచనం అయినా, బరువు తగ్గుతున్నా జీర్ణకోశ వైద్యుడిని కలవడంలో ఆలస్యం వద్దు. ఛాతీ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి చెమటలు పడితే గ్యాస్ అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. మూడు నాలుగు వారాలు పాటించినా మంట, నిద్రలేమి తగ్గకపోతే వైద్యుడిని సంప్రదించండి. గురక ఉందేమో ఇంట్లోవారిని అడిగి, రెండు వారాల పాటు పడుకున్న, లేచిన వేళలు రాసి వెంట తీసుకెళ్తే సమస్య ఎక్కడుందో తేల్చడం వారికి సులువవుతుంది.