ఎదురింటి గోడ మీద చుక్కి

చిట్టితల్లికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తిరిగే పిల్లిపిల్లని శనివారం పైకి, నీ రెండు పిల్లులు లడ్డు, పులి ఉన్న ఇంట్లోకి తెచ్చుకుంటున్నావట. నెల రోజులుగా ఆఫీసు నుంచి రాగానే బైకుల మధ్య చతికిలబడి దానికి అన్నం పెడుతున్నావట. చిన్నప్పుడు మా పెరట్లో పిల్లి తోక కాలికి తగిలిందని కుర్చీ ఎక్కి ఏడ్చినదానివి నువ్వేనా అనిపించింది. నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట అంది: "ఆదివారానికల్లా మూడూ ఒకే మంచం మీద పడుకుంటాయంటోందక్కా." ఇక నాకు నిద్ర పట్టలేదు.

ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. సగంలో ఆపకు.

ముందు మామూలు సంగతులు. కొత్తదాన్ని తిన్నగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, అక్కణ్ణుంచే ఇంటికి తీసుకురా. నులిపురుగుల మందు, టీకాలు, చెవుల్లో పురుగులు, అన్నీ చూపించు. ఐదు నెలల పిల్ల అంటున్నావు కాబట్టి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఎప్పుడో కూడా అడుగు. లడ్డుకీ పులికీ టీకాల గడువు దాటిందేమో పుస్తకం తీసి చూడు. పిల్లులకి వాంతులు, విరేచనాలు పట్టుకుని ప్రాణం తీసే జబ్బు ఒకటుంది, పాన్‌ల్యూకోపీనియా అంటారు. ఆ క్రిమి గచ్చు మీదా గుడ్డల మీదా నెలల తరబడి బతికే ఉంటుంది. కాబట్టి కనీసం రెండు వారాలు కొత్తది రెండో బెడ్‌రూమ్ దాటి రాకూడదు. దాని గిన్నెలు వేరు, దొడ్డికెళ్లే ఇసక పెట్టె, అదే లిట్టర్ బాక్స్, వేరు. మూడు పిల్లులుంటే నాలుగు బాక్సులు పెట్టమంటారు. చోటెక్కడిది అనకు, ఆ ట్రెడ్‌మిల్ తీసెయ్, దాని మీద బట్టలారేయడం తప్ప నువ్వు చేస్తున్నదేం లేదు. గది తుడవడానికి ఫినాయిల్ ముట్టుకోవద్దని పనమ్మాయికి చెప్పు. పిల్లులు దాని మీద తిరిగి పాదాలు నాక్కుంటాయి, వాటికది విషం.

ఇవన్నీ నువ్వు చదివే ఉంటావు. చుక్కి సంగతి నీకు తెలీదు. మీ అమ్మకి కూడా సగమే తెలుసు.

1991లో మేం కాకినాడ జగన్నాథపురంలో ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. చుక్కి ఆ ఇంటితోపాటు వచ్చిన పిల్లి. ఒళ్లంతా నలుపు, నుదుటి మీద మాత్రం బొట్టు పెట్టినట్టు తెల్ల చుక్క. వంటింట్లో బియ్యం డబ్బా మూత దాని సింహాసనం. నేను బియ్యం తీయాలంటే ముందు దాన్ని బతిమాలుకోవాలి. మా అత్తగారికి శకునాల పట్టింపు ఉండేది. పొద్దున్నే అది ఎదురొస్తే వెనక్కొచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి బయల్దేరేవారు. మధ్యాహ్నం ఆవిడే పెరుగన్నం మెత్తగా కలిపి దాని ముందు పెట్టేవారు. ఆవిడ మీ చిన్నమామయ్య గారింటికి వెళ్లిపోయాక, మీ పెదనాన్న ఆఫీసుకి పోతే ఆ ఇంట్లో నాతో మాట్లాడే ప్రాణి చుక్కి ఒక్కటే.

ఆ ఏడు వానల్లో మీ పెదనాన్న చేపల బజారు నుంచి సంచిలో ఒక ఎర్ర పిల్లని పట్టుకొచ్చారు. గుప్పెడంత ఉంది. నాకు ముచ్చటేసింది. తోడు దొరికిందని చుక్కి కూడా మురిసిపోతుందనుకున్నాను. డబ్బా మీద నిద్రపోతున్నదాన్ని మెడ పట్టుకుని ఎత్తి, "ఇదిగోనే నీ చెల్లెలు" అంటూ దాని మూతి తీసుకెళ్లి పిల్ల మూతికి ఆనించాను. దగ్గర చేస్తే కలిసిపోతాయని నా తెలివి. చుక్కి చెవులు రెండూ తలకి అతుక్కుపోయాయి. బుస్సుమంది. పంజా విసిరింది. పిల్ల ముక్కు మీద నెత్తుటి గీత పడింది. నా మణికట్టు మీద పడ్డ గీత ఇప్పటికీ ఉంది, గాజులు వెనక్కి తోస్తే కనిపిస్తుంది.

నేను చేతికందిన చేట తీసుకుని చుక్కిని కొట్టాను.

పెద్ద దెబ్బేం కాదు. కానీ నేను దాని మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. ఆ రాత్రి పెరటి తలుపు తీసి దాన్ని బయటికి నెట్టి గడియ పెట్టాను, బుద్ధొస్తుందని. వాన పడుతోంది. కాసేపు తలుపు గీకింది. నేను పిల్లని ఒళ్లో పెట్టుకుని వింటూనే ఉన్నాను. లేవలేదు. తర్వాత గీకుడు ఆగిపోయింది.

తెల్లారి తలుపు తీస్తే చూరు కింద బట్టలుతికే బండ మీద ముడుచుకుని కూర్చుంది. పిలిస్తే గుమ్మం దాకా వచ్చింది. లోపల బియ్యం డబ్బా మూత మీద ఎర్ర పిల్ల నిద్రపోతోంది, రాత్రి నేనే పడుకోబెట్టాను. చుక్కి గుమ్మం దగ్గర గాలి వాసన చూసి వెనక్కి తిరిగింది. పది రోజులు ప్రహరీ గోడ మీదే తింది. పదకొండో రోజు నుంచి ఎదురింటి మాస్టారి గారి గోడ మీద కూర్చోవడం మొదలెట్టింది. మాస్టారి భార్య మంచావిడ, పాలు పోసేది. మధ్యలో సందు వెడల్పు ఎనిమిదడుగులు. మూడేళ్లు, మేం ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా, చుక్కి ఆ ఎనిమిదడుగులు దాటి మా ఇంట్లోకి రాలేదు. నెత్తళ్లు కొన్న రోజు పట్టుకెళ్లి ఆ గోడ మీద పెట్టేదాన్ని. తినేది. నా చేతికి చెంప రాసేది కూడా. ఆ తర్వాత అటువైపుకి దూకేసేది. అటువైపుకి!

కోపంతో పోయిందని అప్పట్లో అనుకునేదాన్ని. దాని తర్వాత మా ఇంట్లో పదకొండు పిల్లులు తిరిగాయి, ఇప్పుడు తెలుస్తోంది. పిల్లి చెంప రాసిన చోటల్లా దాని వాసన ఉంటుంది, ఆ వాసన ఉన్నదే దాని ఇల్లు. డబ్బా మీద వేరే వాసన, నా ఒళ్లో అదే వాసన, పైగా చేట దెబ్బ. దానికి మా ఇంట్లో తనదంటూ ఏం మిగిల్చాను?

నీ ఫ్లాట్లో దూకడానికి ప్రహరీ గోడ లేదు. లడ్డు పోవాలంటే మంచం కిందికే పోతుంది. అందుకే కొత్తదాని గురించి నాకు బెంగ లేదు. అది పిల్ల, ఎక్కడైనా దొర్లుతుంది. లడ్డుకి ఏడేళ్లు. నీ మొదటి జీతంతో తెచ్చుకున్న పిల్లి అది. నిరుడు మూత్రం బిగుసుకుని రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్న సంగతి మర్చిపోయావా? మగపిల్లికి బెదురు పుడితే అది మళ్లీ రావచ్చు. రోజూ దాని బాక్సులో మూత్రం పోసిన తడి ఉండలు ఉన్నాయో లేదో చూడు. ఊరికే వెళ్లి కూర్చుని చుక్క రాకుండా లేచొస్తుంటే తెల్లారేదాకా ఆగకు, ఆ రాత్రే తీసుకెళ్లు. ఒక రోజంతా ముద్ద ముట్టకపోయినా డాక్టర్‌కి ఫోన్ చెయ్యి.

లడ్డు కిటికీ, లడ్డు దుప్పటి, లడ్డు గిన్నె దాని చోటునే ఉండాలి. నువ్వు ఆఫీసు నుంచి రాగానే ముందు పలకరింపు లడ్డుకీ పులికీ, ఆ తర్వాతే ఆ గది తలుపు.

నీ తమ్ముడు పుట్టినప్పుడు నీ చిన్న దిండు మీ అమ్మ వాడి తల కింద పెట్టిందని రెండు పూటలు అన్నం మానేశావు. "వాణ్ణి ఆస్పత్రిలో ఇచ్చేసి రండి" అన్నావు. దిండు తెచ్చి నీ చేతిలో పెట్టాకే మెతుకు ముట్టావు. ఆ తర్వాత నెలకి నువ్వే ఆ దిండు పట్టుకెళ్లి వాడి పక్కన పడుకున్నావు, ఎవరూ చెప్పలేదు. లడ్డు కూడా నీలాంటిదే, మొండిది.

కలపడం ఎలా అంటావా? మొదట కళ్లతో కాదు, ముక్కుతో. కొత్తదాని చెంపలు మెత్తటి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ హాల్లో ఓ మూల పడెయ్యి. లడ్డు చెంపలు తుడిచిన గుడ్డ ఆ గదిలో వెయ్యి. లడ్డు బుస్సుమంటే అననీ, తిట్టకు. తర్వాత మూసిన తలుపుకి అటూ ఇటూ గిన్నెలు పెట్టు, రోజుకి కాస్త దగ్గరగా జరుపు. రెండువైపులా నిమ్మళంగా తింటున్నప్పుడే, రెండు వారాలూ గడిచాకే, మధ్యలో జాలీ అడ్డం పెట్టి తలుపు తియ్యి. ఎన్నాళ్లు పడుతుందంటే చెప్పలేను. మా ఇంట్లో ఒక జతకి వారం పట్టింది, ఇంకో జతకి నాలుగు నెలలు. రెప్ప వెయ్యకుండా చూస్తూ తోక నేలకేసి కొడుతుంటే మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టు. చెయ్యి పెట్టావంటే ఊరుకోను. పిల్లి పన్ను సన్నం, గాయం లోతు. సెల్లార్ పిల్ల కాబట్టి కరిచినా గీరినా పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి ఆ రోజే రేబీస్ ఇంజెక్షన్‌కి వెళ్లు.

వీధి తలుపు సంగతి మళ్లీ చెబుతున్నాను, చాదస్తం అనుకున్నా సరే. గ్యాస్ అతను, పనమ్మాయి, డెలివరీ అబ్బాయి ఎవరొచ్చినా ముందు లడ్డు, పులి ఎక్కడున్నాయో చూసుకుని తలుపు తియ్యి. బాల్కనీకి పావురాల కోసం వేసిన వల కింద ఊడిందని సంక్రాంతికి నేనే చూశాను. శనివారం లోపల బిగించాలి.

నా పాత నేత చీర చింపి గుడ్డలు చేశాను. నీలం అంచువి లడ్డు, పులులకి, ఎరుపు అంచువి కొత్తదానికి. సబ్బు పెట్టకుండా ఉతికాను. ఆర్టీసీ కార్గోలో రేపు వేయిస్తాను, శుక్రవారం తీసుకో. పార్సిల్లో మీ పెదనాన్న పెట్టిన ఎండు నెత్తళ్లు కూడా ఉంటాయి. ఉప్పువి, అవి నీకు, వాటికి కాదు.

కొత్తదాన్ని లిఫ్టులో చేతుల్లో ఎత్తుకురాకు, మూతున్న బుట్టలోనే తీసుకురా. గదిలో పెట్టి తలుపు వేశాక, చేతులు కడుక్కుని లడ్డు పక్కన కాసేపు కూర్చో. ఆ తర్వాత నాకు ఫోన్ చెయ్యి. పదకొండు దాటినా పర్లేదు, మెలకువగానే ఉంటాను.

మీ పెద్దమ్మ